‘సైకిలిస్టు మరణం’ (1955): తప్పు, భయం, మనస్సాక్షి – తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి నాలుగు ప్రశ్నలు సినిమా చూడకముందే చదవచ్చు. ఆ తర్వాతి జవాబుల్లో ముగింపుతో సహా కథంతా బయటపడుతుంది. చూడని వాళ్ళు నాలుగో ప్రశ్న దగ్గర ఆగి, సినిమా చూసి రావడం మంచిది.

ఇది ఏ సినిమా?

హువాన్ ఆంతోనియో బర్దెమ్ రాసి, దర్శకత్వం వహించిన స్పానిష్ సినిమా. మూలకథ లూయిస్ ఎఫ్. దె ఇగోవాది. నలుపు తెలుపు, 88 నిమిషాలు. స్పెయిన్, ఇటలీ నిర్మాతలు కలిసి తీశారు. ఛాయాగ్రహణం అల్ఫ్రెదో ఫ్రైలే, కూర్పు మార్గరీతా ఒచోవా, సంగీతం ఇసిద్రో మైస్తెగి. 1955 కాన్ చిత్రోత్సవంలో అంతర్జాతీయ సినీ విమర్శకుల బహుమతి అందుకుంది. ఫ్రాంకో నియంతృత్వం నడుస్తున్న రోజుల్లో, స్పెయిన్‌లోనే ఉండి, ఆ పాలనలో సుఖపడిన వర్గాన్ని వేలెత్తి చూపిన సినిమా ఇది. ఆ ధైర్యాన్ని పక్కన పెట్టి చూసినా, ఒక మనిషి లోపల తప్పు ఎలా పనిచేస్తుందో ఇంత శ్రద్ధగా చూపిన సినిమాలు తక్కువే.

పేరు ఎలా పలకాలి? ఏ పేరుతో వెతకాలి?

అసలు పేరు ‘మ్వెర్తె దె ఉన్ సిక్లిస్తా’. మాద్రిద్ వాళ్ళ నోట చివరి మాట ‘థిక్లిస్తా’ అని వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘డెత్ ఆఫ్ ఎ సైక్లిస్ట్’. అమెరికాలో ఒకప్పుడు ‘ఏజ్ ఆఫ్ ఇన్‌ఫిడెలిటీ’ అనే పేరుతో ఆడింది కాబట్టి పాత పోస్టర్లలో, జాబితాల్లో అలా కనిపిస్తే అది వేరే సినిమా అనుకోకండి. ఆ అమెరికా పేరు మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. అక్రమ సంబంధం గురించిన సినిమా అనుకుని కూర్చుంటే అసలు విషయం చేజారుతుంది.

పాత్రల పేర్లలో స్పానిష్ ‘జె’ అక్షరాన్ని ‘హ’గా పలకాలి. హువాన్, మరియా హొసే. ‘హొసే’ మగవాళ్ళ పేరే అయినా, మరియా పక్కన చేరితే స్త్రీ పేరవుతుంది. ఏసు తల్లిదండ్రులిద్దరి పేర్లూ కలిపి పెట్టుకోవడం అక్కడి క్యాథలిక్ కుటుంబాల్లో మామూలు.

కథ ఎంత తెలిస్తే చాలు?

సంధ్యవేళ, మాద్రిద్ బయట ఒక నిర్మానుష్యమైన రోడ్డు. ఒక సైకిలిస్టు మనకు వీపు చూపిస్తూ ఎత్తు ఎక్కి అవతలికి దిగిపోతాడు. మరుక్షణం అటువైపు నుంచి ఒక కారు అదుపుతప్పి వచ్చి ఆగుతుంది. నడుపుతున్నది మరియా హొసే, ఒక సంపన్న పారిశ్రామికవేత్త భార్య. పక్కన ఆమె ప్రియుడు హువాన్, విశ్వవిద్యాలయంలో విశ్లేషక జ్యామితి బోధించే సహాయక అధ్యాపకుడు. అతను దిగి పరిగెత్తుకెళ్ళి చూస్తాడు. పడిన మనిషి ఇంకా ఊపిరితో ఉన్నాడు. సాయం పిలిస్తే వాళ్ళ సంబంధం బయటపడుతుంది. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోతారు. మిగతా సినిమా అంతా ఆ వెళ్ళిపోవడం తర్వాత జరిగేదే. ఇంతకుమించి తెలియకుండా చూడటమే మేలు.

ఏ కాపీ చూడాలి? టీవీలో ఏం సర్దుకోవాలి?

నిడివి ముందు చూడండి. 88 నిమిషాల దగ్గర ఉంటే పూర్తి సినిమానే. 84, 85 నిమిషాలు అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. యూరప్ టీవీ పద్ధతిలో సెకనుకు 24 బదులు 25 ఫ్రేములు నడపడం వల్ల నిడివి నాలుగు శాతం తగ్గుతుంది, దృశ్యాలు పోవు. అంతకంటే బాగా తక్కువుంటే మాత్రం కోత పడిన కాపీ అయ్యుండొచ్చు.

ఫ్రేము దాదాపు చదరం, 1.37:1. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండి తీరాలి. టీవీలో ‘ఫుల్’, ‘జూమ్’ లాంటి అమరిక పెట్టి తెర నింపితే పైన నుదురు, కింద గడ్డం తెగిపోతాయి. ఈ సినిమాలో సగం కథ ముఖాల క్లోజప్పుల్లోనే నడుస్తుంది కాబట్టి ఆ నష్టం చిన్నది కాదు. కదలికను నున్నగా చేసే ‘మోషన్ స్మూతింగ్’ కూడా ఆపేయండి.

సబ్‌టైటిళ్ళు ఇంగ్లీషువే పెట్టుకున్నా, చెవి స్పానిష్ మీద ఉంచండి. మన ‘నువ్వు’, ‘మీరు’ లాగే స్పానిష్‌లో ‘తూ’, ‘ఉస్తెద్’ ఉన్నాయి. ఎవరు ఎవరిని ఎప్పుడు ఎలా పిలుస్తున్నారన్నది ఇంగ్లీషు ‘యూ’లో పూర్తిగా మాయమైపోతుంది. ఈ తేడా పట్టుకోవడం తెలుగు చెవికి కష్టం కాదు.

ఇది అపరాధ భావన గురించిన సినిమా అంటారు. చూస్తే బ్లాక్‌మెయిల్ థ్రిల్లర్‌లా ఉందేం?

రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య తేడాయే ఈ సినిమా. పట్టుబడతామన్న భయం వేరు, తప్పు చేశామన్న బాధ వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నిద్ర పట్టదు, మాట తడబడుతుంది, పేపరు చూస్తే చేయి వణుకుతుంది. మొదటి అరగంటలో హువాన్, మరియా హొసే ఇద్దరూ ఒకే జబ్బుతో ఉన్నట్టే అనిపిస్తారు. సినిమా నడిచేకొద్దీ అవి రెండు వేర్వేరు జబ్బులని తెలుస్తుంది.

మరియా హొసేది భయం. ఇల్లు, భర్త హోదా, నగలు, పార్టీలు పోతాయేమోనని. ఆ భయం తీరే మార్గం దొరికితే ఆమె హాయిగా బతకగలదు. హువాన్‌ది కూడా భయంగానే మొదలవుతుంది. కానీ పట్టుబడే ముప్పు తప్పిందని తెలిసినా అతని బాధ తీరదు, ఇంకా పెరుగుతుంది. పశ్చాత్తాపానికి బర్దెమ్ పెట్టిన పరీక్ష ఇదే: తప్పించుకునే దారి తెరిచాక కూడా మనిషి అక్కడే నిలబడ్డాడా లేదా?

రెండోసారి చూసేటప్పుడు ప్రతి సన్నివేశం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి. ఇప్పుడు ఈ మనిషి తలచుకుంటున్నది తనను గురించా, రోడ్డు మీద పడున్న వాడిని గురించా? హువాన్ ఎక్కడ మారాడో ఈ ఒక్క ప్రశ్నతో పట్టుకోవచ్చు.

రఫాకి నిజంగా ఏం తెలుసు?

ప్రమాదం సంగతి తెలియదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కళా విమర్శకుడు రఫా డబ్బున్నవాళ్ళ విందుల్లో పియానో వాయిస్తూ, చమత్కారాలు విసురుతూ బతికే మనిషి. అతను వీళ్ళిద్దరినీ కలిసి ఉండగా చూశాడు, అంతే. దాన్ని పట్టుకునే బ్లాక్‌మెయిల్‌కు దిగుతాడు. తెలిసిన ఆ కొంచెం గురించి అంతా తెలిసినట్టు మాట్లాడతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతని ప్రతి మాటా వీళ్ళకు సైకిలిస్టు గురించే అన్నట్టు వినిపిస్తుంది.

అందుకే మొదటి విందు సన్నివేశాన్ని రెండోసారి చూస్తే పూర్తిగా వేరుగా ఉంటుంది. రఫా మాటల్లో రక్తం ఊసే లేదు. దాన్ని కలుపుకుంటున్నది వినేవాళ్ళు. రఫాకు కావలసింది కూడా డబ్బొక్కటే కాదు. ఏళ్ళ తరబడి తనను వినోదపు వస్తువుగా చూసిన వాళ్ళు ఒక్క పూటైనా తన ముందు వణకాలి. కార్లోస్ కాసరావియా నటనలో ఆ అవమానం, ఆ కసి రెండూ కనిపిస్తాయి.

హువాన్ మారేది ఎక్కడ?

నల్లబల్ల దగ్గర. విద్యార్థిని మతిల్దె పరీక్షలో భాగంగా అందరి ముందు లెక్క చేస్తుంటుంది. హువాన్ చేతిలో వార్తాపత్రిక. అందులో సైకిలిస్టు మరణవార్త. కళ్ళు ఆ అక్షరాల మీద ఉన్నాయి, చెవిలో సుద్దముక్క చప్పుడు. ఒక్కసారిగా అతను అరిచి ఆమెను ఆపేస్తాడు. ఆమె తప్పేమీ చేయలేదు. తరగతి ముందు తలదించుకుని నిలబడుతుంది, పరీక్ష పోతుంది.

ఈ సన్నివేశం అల్లిక గమనించండి. హువాన్ రెండోసారి అదే పని చేశాడు. తన గుట్టు కాపాడుకునే తొందరలో, దారిలో ఉన్న మనిషిని బలిచేశాడు. మొదటిసారి నిర్మానుష్యమైన రోడ్డు మీద, ఇప్పుడు నిండు తరగతిలో. తేడా ఏమిటంటే మతిల్దె బతికి ఉంది, తిరిగొచ్చి న్యాయం అడగగలదు. విద్యార్థులు ఆమె వెనక నిలబడతారు, గొడవ చేస్తారు, అద్దాలు పగులుతాయి. హువాన్ ఆ గొడవ చూసి కోపగించుకోడు, సంతోషిస్తాడు. తన కోసం కాకుండా తోటి మనిషి కోసం నిలబడటం అతను మరచిపోయిన విద్య. తన విద్యార్థుల దగ్గర దాన్ని మళ్ళీ చూశాడు.

ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. పలుకుబడి ఉన్న బావ సిఫార్సుతో వచ్చింది. అతను రాజీనామా చేసినప్పుడు వదులుకుంటున్నది జీతాన్ని మాత్రమే కాదు, తనను ఇన్నాళ్ళూ మోసిన పలుకుబడిని కూడా.

ఫ్లమెంకో సన్నివేశంలో మాటలు వినబడవు, సబ్‌టైటిల్ రాదు. కాపీలో లోపమా?

లోపం కాదు. అమెరికన్ అతిథుల కోసం ఏర్పాటు చేసిన విందు అది. పాట, చప్పట్లు, మడమల చప్పుడు హోరెత్తుతుంటే రఫా వెళ్ళి మరియా హొసే భర్త మిగెల్ చెవిలో ఏదో చెబుతాడు. దూరం నుంచి హువాన్, మరియా హొసే చూస్తున్నారు. వాళ్ళకు వినబడదు కాబట్టి మనకూ వినబడదు. కెమెరా పెదవుల మీదికి, కళ్ళ మీదికి, మళ్ళీ పెదవుల మీదికి వెళుతుంది. కూర్పు వేగం పాట వేగంతో పోటీపడుతుంది. మాట ఒక్కటీ తెలియకుండా ఇంత ఉత్కంఠ పుట్టించడం మార్గరీతా ఒచోవా కత్తెర గొప్పతనం.

శబ్దం తగ్గించుకుని చూసేవాళ్ళు ఈ ఒక్క చోటైనా పెంచండి. హోరు మీద పడితేనే ఆ నిస్సహాయత తెలుస్తుంది.

ఒక సన్నివేశం నుంచి ఇంకో సన్నివేశానికి ఎప్పుడు మారిందో తెలియడం లేదు. ఎందుకు?

కావాలనే చేశారు. హువాన్ తన గదిలో పడుకుని సిగరెట్ పొగ వదులుతాడు, వెంటనే పొగ దగ్గర మరియా హొసే కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారనుకుంటాం. లేరు, ఆమె భర్తతో ఉంది. రఫా తాగి సీసా విసిరి కిటికీ అద్దం పగలగొడతాడు, మరుక్షణం పగిలేది విశ్వవిద్యాలయం కిటికీ. ఒకచోట చేసిన పని ఫలితం ఇంకోచోట తేలుతున్నట్టు ఉంటుంది. అపరాధ భావన కూడా ఇలాగే పనిచేస్తుంది కదా, ఎక్కడున్నా మనసు ఇంకోచోటికి దూకుతూనే ఉంటుంది.

తికమక పడకుండా ఉండాలంటే కట్ పడగానే ముఖం కాకుండా వెనకున్న గోడలు చూడండి. హువాన్ గది ఇరుకు, తల్లి ఇంటి సామాను. మరియా హొసే ఇంట్లో చోటు ఎక్కువ, అన్నీ మెరుస్తాయి.

చనిపోయినవాడి ముఖం ఎందుకు చూపించరు?

వాళ్ళిద్దరికీ అతను మనిషిగా కనబడలేదు కాబట్టి. వాళ్ళు చూడని ముఖాన్ని మనకూ చూపించలేదు. హువాన్ మాత్రం తర్వాత అతని ఇల్లు వెతుక్కుంటూ పేదల వాడకు వెళతాడు. అక్కడ ఒకే కప్పు కింద కిక్కిరిసిన కాపురాలు, పొరుగింటావిడ మాటలు. ఆ కాసేపు సినిమా వెలుతురే మారిపోతుంది. విందుల్లోని తళతళ పోయి, వార్తాచిత్రంలా గరుకుగా ఉంటుంది. పేదల బతుకును ఉన్నదున్నట్టు చూపిన ఇటలీ సినిమా ధోరణి, నవ్యవాస్తవికత (నియోరియలిజం) ప్రభావం ఇక్కడ స్పష్టం. మిగతా భాగాల్లో హాలీవుడ్ మెలోడ్రామా మెరుగు ఉంది. రెండు శైలులను రెండు వర్గాలకు పంచిపెట్టాడు బర్దెమ్.

స్పెయిన్ అంతర్యుద్ధం గురించి తెలియకపోతే అర్థమవుతుందా?

కథ అర్థమవుతుంది, కానీ బరువు సగమే తెలుస్తుంది. 1936 నుంచి 1939 దాకా యుద్ధం జరిగింది, ఫ్రాంకో పక్షం గెలిచింది. హువాన్ గెలిచిన పక్షంలో పోరాడినవాడు. అతని తల్లికి యుద్ధంలో పోయిన కొడుకులు వీరులు, బతికి వచ్చిన హువాన్ వాళ్ళకు సరితూగని కొడుకు. మరియా హొసే అతను యుద్ధంలో ఉండగా దూరమై, డబ్బున్న మిగెల్‌ను పెళ్ళాడింది. ఆ తరం మొత్తం గెలుపు పేరుతో ఏదో ఒకటి దాచిపెట్టి బతుకుతోంది. రోడ్డు మీద వదిలేసి వచ్చిన శరీరం అంటే 1955 నాటి స్పానిష్ ప్రేక్షకుడికి ఒక్క సైకిలిస్టే గుర్తొచ్చి ఉండడు.

ఇంకో తేదీ: 1953 సెప్టెంబరులో స్పెయిన్ అమెరికాతో సైనిక స్థావరాల ఒప్పందం చేసుకుంది. విందులో అమెరికన్లకు అంత మర్యాద ఎందుకో దాన్నిబట్టి తెలుస్తుంది.

సెన్సారు దీన్ని ఎలా వదిలింది? ముగింపు సెన్సారు వాళ్ళదేనా?

సూటిగా ప్రభుత్వాన్ని అన్న మాట ఒక్కటీ లేదు. అన్నీ మనుషుల ప్రవర్తనలోనే ఉన్నాయి. కత్తెర పెట్టాలంటే ఎక్కడ పెట్టాలో తెలియని అల్లిక. అయినా క్యాథలిక్ చర్చి వర్గీకరణలో దీనికి ‘తీవ్రంగా ప్రమాదకరం’ అన్న ముద్ర పడింది.

ముగింపుకొస్తే, పోలీసులకు లొంగిపోదామన్న హువాన్‌ను మరియా హొసే ప్రమాదం జరిగిన చోటికే తీసుకెళుతుంది. అతను దిగి నిలబడి ఉండగా కారుతో గుద్ది చంపేస్తుంది. భర్తను చేరుకోవాలని చీకట్లో వేగంగా వెళుతుంటే వంతెన మీద మరో సైకిలిస్టు ఎదురవుతాడు. తప్పించబోయి కారుతో సహా కిందపడి చనిపోతుంది. భర్తను మోసగించిన స్త్రీ శిక్ష లేకుండా బయటపడటం ఆనాటి సెన్సారుకు మింగుడుపడదు, ఆమె చావు వెనక ఆ ఒత్తిడి ఉంది. కానీ అక్కడ సైకిలిస్టును పెట్టడం బర్దెమ్ చేసిన పని. శిక్ష వేయమంటే వేశాడు, ఆ శిక్షలోనే తన ప్రశ్నను మళ్ళీ అడిగాడు.

అయితే మరియా హొసే విలనేనా?

అలా తేల్చేస్తే సినిమా చిన్నబోతుంది. హువాన్‌కు ఉద్యోగం పోయినా చదువుంది, గొంతుంది, కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఉంది. ఆనాటి స్పెయిన్‌లో వ్యభిచారం నేరం, భార్య విషయంలో చట్టం మరీ కఠినం. విడాకులు లేవు. ఆమె భయానికి కారణాలున్నాయి. ఆ కారణాలు ఆమె చేసిన హత్యను కడిగేయవు, అయినా వాటిని చూడకుండా తీర్పు చెప్పకూడదు. లూచియా బొసే ముఖం దాదాపు కదలకుండా ఇదంతా పలికిస్తుంది. 1947లో మిస్ ఇటలీ అయిన ఆమెకు ఇది స్పెయిన్‌లో తొలి పెద్ద పాత్ర.

పెదవులకూ మాటలకూ పొంతన లేదు. ఎందుకు?

లూచియా బొసే, భర్తగా వేసిన ఒతెల్లో తోసో ఇటాలియన్లు. స్పానిష్ ప్రతిలో వాళ్ళకు వేరేవాళ్ళు గొంతు ఇచ్చారు. ఉమ్మడి నిర్మాణాల్లో అప్పట్లో ఇదే పద్ధతి. హువాన్‌గా వేసిన అల్బెర్తో క్లోసాస్ బార్సిలోనా మనిషి, అర్జెంటీనాలో నటుడిగా పేరు తెచ్చుకుని వచ్చినవాడు.

బర్దెమ్‌ను ఈ సినిమా తీసినందుకే అరెస్టు చేశారా?

నేరుగా కాదు. అతను రహస్యంగా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1955 మేలో సలమాంకాలో జరిగిన సినీ సదస్సులో, నాటి స్పానిష్ సినిమా రాజకీయంగా నిష్ఫలం, సామాజికంగా అబద్ధం, మేధోపరంగా అధమం, కళాపరంగా శూన్యం, పరిశ్రమగా రోగిష్టిది అని తేల్చి చెప్పాడు. 1956 ఫిబ్రవరిలో మాద్రిద్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల అల్లర్లు చెలరేగినప్పుడు, తర్వాతి సినిమా తీస్తుండగా అరెస్టయ్యాడు. విదేశాల నుంచి నిరసనలు రావడంతో విడిచిపెట్టారు. తెర మీద విద్యార్థుల తిరుగుబాటు చూపించిన ఏడాదిలోపే అది వీధిలో జరిగింది.

ఫిల్మ్ సొసైటీలో వేసి చర్చ పెట్టాలంటే?

విరామం ఇవ్వకండి. ఇది విరామం కోసం కట్టిన కథ కాదు, మధ్యలో ఆపితే బిగి సడలుతుంది. సినిమా అయ్యాక పది నిమిషాలు ఆగి, మూడు ముక్కలు మళ్ళీ వేయండి: మొదటి మూడు నిమిషాలు, నల్లబల్ల, ఫ్లమెంకో. ఒక్కోదాని తర్వాత ‘ఇక్కడ ఎవరు దేనికి భయపడుతున్నారు?’ అని మాత్రమే అడగండి. చర్చ దారితప్పేది ఎక్కువగా ఆమె శీలం మీదికి వెళ్ళినప్పుడే. అలా వెళితే సైకిలిస్టు ఇంటి సన్నివేశం వేసి వెనక్కి తీసుకురండి.

చివర్లో ఆ సైకిలిస్టు ఎందుకు ఆగినట్టు ఆగి వెళతాడు?

అతను వంతెన మీంచి వచ్చి తలకిందులుగా పడున్న ఆమెను చూస్తాడు. ఒక్క క్షణం తటపటాయిస్తాడు. చుట్టూ ఎవరూ లేరు. వెళ్ళిపోయినా అడిగేవాళ్ళు లేరు. మొదటి సన్నివేశంలో హువాన్ నిలబడింది సరిగ్గా ఈ స్థితిలోనే. ఈ మనిషి సైకిలెక్కి బలంగా తొక్కుతాడు. పారిపోతున్నాడేమో అనిపిస్తుంది. అతను వెళ్ళే వైపు చూడండి, దూరంగా ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది.